ఆ పన్ను ఎవరు తీశారు

చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగలు చేసే పెద్దమనిషి ఒకాయన ఒక మంగళవారం మధ్యాహ్నం మా కాలేజీకి వచ్చాడు. సెకండియర్ పిల్లల ప్రాక్టికల్స్ అప్పుడే అయ్యాయి. బందరులో నేను జువాలజీ చెప్పబట్టి పద్దెనిమిదేళ్ళు. ఇన్నేళ్ళలో చచ్చిన పాముని సీసాలో పెట్టుకొచ్చి ఇది విషప్పామా అని అడిగినవాళ్ళున్నారు, రొయ్యల చెరువులో తేలిన పురుగుల్ని కవర్లో కట్టుకొచ్చినవాళ్ళున్నారు. వాళ్ళంతా వస్తూనే చేతిలోది చూపించేవాళ్ళు. ఈయన ముందు వెనక్కి తిరిగి ల్యాబు తలుపు దగ్గరగా వేశాడు.

"మేడమ్ గారూ, మీరు జంతువుల పాఠం చెప్తారంట కదండీ. ఒక మాట అడుగుతాను. నేనొచ్చినట్టు ఎవరికీ చెప్పకండి."

చొక్కా జేబులోంచి మాత్రల డబ్బా ఒకటి తీశాడు. లోపల దూది. దూదిలో ముదురు గోధుమరంగులో, కొస వంపు తిరిగి, చిటికెన వేలి చివరి కణుపంత వస్తువు. దాని ఒక అంచుకి లక్క అంటించి ఉంది.

"పులిపిల్ల గోరంట. మనవరాలు జడుసుకుంటోంది, మెళ్ళో వేస్తాను, పైన తొడుగు వేసి గొలుసుకి తగిలించమని ఒక ముసలాయన ఇచ్చాడు. లక్కలో కుదిర్చాక నాకు అనుమానమొచ్చింది. నిజంగా పులిగోరైతే ఫారెస్టోళ్ళు ఇచ్చినోణ్ణి వదిలేసి నన్ను పట్టుకుంటారు. సూది కాల్చి ఆనించి చూశానండీ. గోరైతే వెంట్రుక కాలిన వాసన రావాలి. రాలేదు. రాయనుకుందామంటే, రాయిని ఇంత నునుపుగా ఎవరు చెక్కుతారు?"

ఆయన పరీక్ష నాకు నచ్చింది. మా పిల్లల్లో ఒక్కడికీ తట్టదది. డబ్బా తీసుకుని, చిమటాతో పట్టి, మైక్రోస్కోపు కింద పెట్టాను. ఫోకస్ కుదిరింది. కుదిరాక నేను చాలాసేపు కన్ను తియ్యలేదు.

వరి కోసే కొడవలి అంచుకి కక్కులుంటాయి చూశారూ, అలాంటి కక్కులు వెనక అంచు పొడుగునా ఉన్నాయి. సన్నగా, ఒకదాని పక్కన ఒకటి, కొలత పెట్టి కోసినట్టు. పక్కల నుంచి నొక్కినట్టు పలచగా ఉంది. పింగాణీ మెరుపు. అడుగున చిన్న గుంట. గోరుకి ఇవేవీ ఉండవు. మొసలి పన్ను అయితే గుండ్రంగా మేకులా ఉంటుంది. ఇది చిన్నరకం మాంసాహారి డైనోసారు పన్ను. నేను వయసులో ఉన్నప్పుడు ఆరేళ్ళపాటు పొద్దున లేస్తే చూసిన పళ్ళు ఇవే. దీన్ని కూడా నేను ముందే చూశాననిపించింది.

"ఇక్కడ వదిలి వెళ్ళండి. రెండు రోజుల్లో చెప్తాను," అన్నాను.

"లేదండీ," అన్నాడాయన. "సరుకు నాది కాదు. నా కళ్ళ ముందే చూడండి." స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు.

ఆయన చూస్తుండగానే వెర్నియర్‌తో కొలిచాను. ఎత్తు పదిహేడు మిల్లీమీటర్లు, ఒక పిసరు ఎక్కువ. అడుగు పొడుగు తొమ్మిది. వెనక అంచున మిల్లీమీటరుకి మూడు కక్కులు, ఒకచోట నాలుగు. ముందు అంచు లక్కలో కూరుకుపోయి ఉంది. అసలు తేలాల్సింది అక్కడే.

"ఈ లక్క తీస్తారా?"

"తియ్యనండీ. తీసేటప్పుడు ఏదన్నా పెచ్చు ఊడితే మాట నాకొస్తుంది."

"ఇది పులిగోరు కాదు. అసలు గోరే కాదు, పన్ను. కోట్ల ఏళ్ళ కిందటి జంతువుది. రాయిగా మారిపోయింది."

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను ఆ వస్తువు కాజేద్దామని కథ చెప్తున్నానని అనుకున్నాడని తెలుస్తూనే ఉంది. "కోట్ల ఏళ్ళా," అన్నాడు మెల్లిగా. "పులిది కాదని కాగితం మీద రాసివ్వండి, చాలు. ఆ కోట్ల సంగతి రాయక్కర్లేదు."

"రాసిస్తాను. ఆ ముసలాయనది ఏ ఊరో చెప్పండి."

"ఎందుకండీ?"

"మరి కాగితం మీకెందుకు?"

ఆయన డబ్బా మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు. చివరికి చెప్పాడు. నాగాయలంక దాటాక ఒక చిన్న ఊరు. నేను ఆ ఊరికి ఎప్పుడూ వెళ్ళలేదు. కానీ అది ఎవరి ఊరో నాకు తెలుసు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి.

పీజీ అయ్యాక నేను పరిశోధనకి చేరిన యూనివర్సిటీ వేరే ఊళ్ళో ఉంది. గోదావరి లోయలో అడవుల మధ్య ఎర్రమట్టి పొరలున్నాయి. ఆ మట్టిని బస్తాలకెత్తి, వాగునీళ్ళలో నానబెట్టి, జల్లెడ పట్టి, ఎండబెడితే నూకలాంటిది మిగులుతుంది. ఆ నూకని మైక్రోస్కోపు కింద పోసుకుని, తడి కుంచె కొసతో పళ్ళు ఏరాలి. చేప పళ్ళు, మొసలి పళ్ళు, బల్లి పళ్ళు. ఎప్పుడో ఒకటి డైనోసారుది. చిన్న డైనోసార్ల ఎముకలు పలచన, మిగలవు. పళ్ళు మాత్రం అవి బతికున్నన్నాళ్ళూ ఊడి కొత్తవి వస్తూనే ఉంటాయి కాబట్టి, ఊడినవి మట్టిలో ఉండిపోతాయి. ఒంటి పన్ను పట్టుకుని అది ఏ జాతిదో చెప్పాలి. కక్కులు రెండు అంచులకీ ఉన్నాయా, వెనక్కే ఉన్నాయా, ఎంత సన్నం, వంపు ఎంత, మందం ఎంత. ఇన్ని చూసినా ఒక చిక్కుంది. ఒకే నోట్లో ముందు పన్నూ వెనక పన్నూ ఒకలా ఉండవు. రెండు పళ్ళు రెండు జాతులవి అనుకుని పేర్లు పెట్టేశాక, రెండూ ఒకే జంతువువని తేలిన సందర్భాలున్నాయి. ఆ పని చేసినవాళ్ళకి దేన్నీ వెంటనే నమ్మకపోవడం అలవాటైపోతుంది. నాకు ఆ అలవాటు చేరకముందే కొంత ఉంది.

మా ల్యాబులో పనిచేసేవాళ్ళం ఇద్దరం ఆడపిల్లలం. రెండో అమ్మాయిది దివిసీమ. నాది బందరు కాబట్టి సెలవులకి ఒకే బస్సులో వచ్చేవాళ్ళం, ఒకే గదిలో ఉండేవాళ్ళం, నా దువ్వెన తనదీ తన గొడుగు నాదీ. అడవికి వెళ్ళినప్పుడల్లా జీపు కావాలంటే, మా ఊరి బాబాయ్ నడుపుతాడని తనే ఒకాయన్ని కుదిర్చింది. తను బాబాయ్ అంటే నేనూ బాబాయ్ అన్నాను.

అక్కడ దొరికిన పళ్ళన్నిటిలో ముప్ఫై ఒకటో నంబరుది గొప్పది. ఎత్తు పదిహేడు మిల్లీమీటర్లు. వెనక అంచున కక్కులు, ముందు అంచు నున్నగా ఉంది. అలాంటిది మన దగ్గర ఇంతకుముందు దొరకలేదని మా గైడు అన్నారు. ఒక సోమవారం పొద్దున బీరువా తీస్తే ముప్ఫై ఒకటో నంబరు గొట్టంలో దూది ఒక్కటే ఉంది. ఆ బీరువాకి తాళాలు మూడు. ఒకటి మా గైడు దగ్గర, ఒకటి నా దగ్గర, ఒకటి ఆ అమ్మాయి దగ్గర.

గైడు మమ్మల్ని విడివిడిగా పిలిచారు. నన్ను పిలిచి, "నీకు ఎవరి మీదన్నా అనుమానం ఉందా?" అన్నారు. శనివారం సాయంత్రం తను ఒక్కతే ల్యాబులో ఉండిపోయిందని చెప్పాను. అది నిజమే. నిజం చెప్పానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. రెండు నెలలకి తను చదువు మానేసి వెళ్ళిపోయింది. దొంగ కాకపోతే ఎందుకు వెళ్తుంది అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి గైడు నాతో మాట్లాడటం తగ్గించారు. సగం రాసిన థీసిస్ అట్టపెట్టెలో పెట్టుకుని నేనూ బయటికొచ్చేశాను.

ఇప్పుడు ఆ అమ్మాయి ఊరి నుంచి పదిహేడు మిల్లీమీటర్ల పన్ను ఒకటి తొడుగు కోసం చిలకలపూడి వచ్చింది.

ఇంటికి వెళ్ళి అట్టపెట్టె దింపాను. పాత నోటుపుస్తకంలో ముప్ఫై ఒకటో నంబరు బొమ్మ నా చేత్తో గీసిందే ఉంది. ఎత్తు సరిపోయింది. అడుగు పొడుగు అర మిల్లీమీటరు తేడా. వెనక అంచు కక్కులు మిల్లీమీటరుకి నాలుగు అని రాసి ఉంది. నేను ఆయన ముందు లెక్కపెట్టినవి మూడు, ఒకచోట నాలుగు. అది తొందరలో వచ్చిన తేడా అనుకున్నాను. తేడా కనపడితే సర్దుకుపోయేదాన్ని కాదు నేను. ఆ సాయంత్రం మాత్రం సర్దుకున్నాను.

నగలాయన శుక్రవారానికి పని చేసి ఇచ్చేస్తానన్నాడు. ఆదివారం పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కాను. చల్లపల్లి, మోపిదేవి దాటేవరకూ కిటికీలోంచి చూస్తూ ఏమని అడగాలో అనుకుంటున్నాను. పోలీసులా అడిగితే తలుపు వేసేస్తారు. చుట్టంలా అడిగితే చెప్పరు. నాగాయలంక నుంచి ఆటోలో వెళ్ళాను. రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల చెరువులు, చెరువుల్లో చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఈ నేలంతా కృష్ణ తెచ్చి పోసిన మెత్తటి ఒండ్రు. ఎన్ని అడుగులు తవ్వినా డైనోసారు దొరికే చోటు కాదు. అందుకని ఆ పన్ను ఎవరో బయటినుంచి తెచ్చిందే, అందులో సందేహం లేదు.

ముసలాయన అరుగు మీద కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. మీసాలు తెల్లబడ్డాయి, మనిషి సగమయ్యాడు. అయినా గుర్తుపట్టాను. మా జీపు బాబాయే.

ఆయన నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. పట్టాక సంతోషించలేదు. వల పక్కన పెట్టి, "ఏం అమ్మాయ్, ఇంత దూరం?" అన్నాడు. కోడలు కుర్చీ వేసి, టీ పెడతానని లోపలికి వెళ్ళింది.

"చిలకలపూడిలో ఒక వస్తువు ఇచ్చావంట కదా బాబాయ్."

"ఏ వస్తువు?"

"పులిగోరు."

"నా దగ్గర పులిగోరెక్కడిది. ఎవరు చెప్పారు నీకు?"

"నేను దాన్ని చూశాను. అది పులిగోరు కాదని కాగితం రాసిచ్చింది నేనే."

బాబాయ్ చాలాసేపు వీధివైపు చూస్తూ కూర్చున్నాడు. నా వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని చూస్తున్నాడని తర్వాత అర్థమైంది. "నువ్వు ఫారెస్టాఫీసు తరఫున వచ్చావా?" అన్నాడు.

"లేదు. నా తరఫున నేనే వచ్చాను."

లోపలికి వెళ్ళి తెచ్చాడు. తొడుగు ఇంకా బిగించలేదు. చేసిన తొడుగు నచ్చక వస్తువు వెనక్కి తెచ్చుకున్నానన్నాడు. లక్క అలాగే ఉంది. నేను సంచిలో స్పిరిట్ సీసా, దూది, భూతద్దం తెచ్చుకున్నాను. ఆయన ఒప్పుకున్నాక అరుగు మీదే కూర్చుని, దూదితో కొంచెం కొంచెంగా లక్క కరిగించాను. కోడలు టీ తెచ్చి పెట్టింది. తాగకుండానే చల్లారిపోయింది.

లక్క పోయాక భూతద్దం పెట్టి చూశాను. ముందు అంచున కూడా కక్కులున్నాయి. కొస నుంచి సగం దాకా, వెనకవాటికంటే సన్నగా, వరసగా. నా నోటుపుస్తకంలో బొమ్మకి ముందు అంచు నున్నగా ఉంది. వెనక అంచు మళ్ళీ లెక్కపెట్టాను, ఈసారి తొందర లేకుండా, మూడు చోట్ల. మిల్లీమీటరుకి మూడే. ముప్ఫై ఒకటో నంబరు కాదు. ఆ జాతి కూడా కాదు.

సంతోషం వెయ్యాలి కదా. వెయ్యలేదు. ఇంత దూరం వచ్చి, చేతికి చిక్కిన దొంగ జారిపోయినట్టుగా ఉసూరుమంది ప్రాణం. ఆ సంగతి ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది.

"ఎక్కడిది బాబాయ్ ఇది?"

ఇక దాచలేదాయన. "వాగు ఒడ్డున మీరు ఎర్రమట్టి కడిగి ఆరబోసేవాళ్ళు గుర్తుందా. మీరంతా అన్నాలకి కూర్చున్నప్పుడు కుప్ప మీద మెరుస్తూ కనిపించింది. పులిపిల్ల గోరనుకున్నాను. ఆ అడవిలో పులులున్నాయనేవాళ్ళుగా. మీకు కావాల్సినవి రాళ్ళు, గోరుతో మీకేం పనిలే అని జేబులో వేసుకున్నాను. దొంగతనం అనుకోలేదమ్మా. తర్వాత ఏదో పోయిందని గొడవయినప్పుడు భయమేసింది. ఇదేనేమో అనుకున్నాను. చెప్పలేకపోయాను."

"అది వేరే."

"వేరేనా." ఆయన ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించింది. ఆ తర్వాత నావైపు తిరిగి, "మరి అది మా అమ్మాయే తీసిందని చెప్పావంట కదా," అన్నాడు. "వెళ్ళిపోయేరోజు రైలు దగ్గర దింపింది నేనే. దారంతా ఏడుస్తూనే ఉంది. గుడివాడలో ఉందిప్పుడు. రక్తపరీక్షల ల్యాబు పెట్టుకుంది. నీకు తెలీదా?"

తెలీదు. గుడివాడ బందరుకి ఎంత దూరమని. గుడివాడ అవతల మా బంధువుల ఇంటికి వెళ్ళొచ్చేటప్పుడు ఎన్నిసార్లు ఆ బస్టాండులో దిగానో. ఒక్కసారి కూడా ఎదురుపడలేదు.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి వెళ్ళాను. రోడ్డు మీదే ఉంది ల్యాబు, మందుల షాపు పక్కన. బెంచీల మీద ఏడెనిమిది మంది ఫైళ్ళు పట్టుకుని కూర్చున్నారు. బల్ల వెనక తను తల వంచుకుని ఏదో రాసుకుంటోంది.

"షుగరా, థైరాయిడా?" అంది తలెత్తకుండానే.

నేను బల్ల ముందే నిలబడ్డాను. అప్పుడు తలెత్తింది. జుట్టు ముందుభాగం నెరిసింది. కళ్ళజోడు వచ్చింది. కాసేపు చూసింది.

"పరగడుపునే వచ్చావా?" అంది. అలవాటులో అనేసిందో, కావాలని అందో ఇప్పటికీ నాకు తెలీదు.

బెంచీల మీదవాళ్ళ పని పూర్తయ్యేవరకూ కూర్చోబెట్టింది. తర్వాత వెనకగదిలోకి తీసుకెళ్ళింది. మైక్రోస్కోపు పక్కన రెండు స్టూళ్ళు. "బాబాయ్ రాత్రి ఫోన్ చేశాడు. నువ్వొస్తావని చెప్పాడు. చూసి మాట్లాడు, ఏదో కనుక్కోవడానికే వస్తుందన్నాడు," అంది.

"ఇన్నేళ్ళూ నువ్వే తీశావనుకున్నాను."

"తెలుసు. నా పేరు చెప్పావని గైడు గారే నాతో చెప్పారు. నీ స్నేహితురాలే చెప్తోంది, నువ్వేమంటావ్ అని."

నేను తప్పు చేశానన్నాను. చూసింది లేదు, పట్టుకుంది లేదు, ఒక శనివారం ఒక్కదానివే ఉన్నావని చెప్పి నీ చదువు పోగొట్టానన్నాను. ఆ మాటలు బస్సులో కూడబలుక్కున్నవే, అయినా నోట్లోంచి ముక్కలుముక్కలుగా వచ్చాయి. తను వింటూ చేతి తొడుగులు ఒక్కొక్క వేలూ లాగి తీసేసి చెత్తబుట్టలో వేసింది.

"నేనూ నీ పేరు చెప్పాను," అంది. "ఆయన ఆ మాట అనగానే చెప్పాను. ఆదివారం నువ్వు తాళం వెంటబెట్టుకుని బయటికెళ్ళావు, గదికి ఆలస్యంగా వచ్చావని. నువ్వు ఎక్కడికెళ్ళావో నాకు తెలుసు. మీ పిన్నిగారిని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళావు. ఆ ముక్క మాత్రం చెప్పలేదు."

గైడు నాతో మాట్లాడటం ఎందుకు తగ్గించారో నాకు అప్పుడు తెలిసింది. కోపం రావాలి. మనసంతా ఖాళీ అయినట్టు ఉంది, అంతే. బయట ఎవరో రిపోర్టు కోసం పిలిచారు. తను వెళ్ళి ఇచ్చి వచ్చింది.

వస్తూ వస్తూ బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. లోపల ఒక వ్యాసం ప్రింటు. మా గైడు పేరు, ఇంకో విదేశీయుడి పేరు. మేమిద్దరం బయటికొచ్చిన మూడేళ్ళకి అచ్చయింది. "ఇది చూశావా నువ్వు?"

చూడలేదు. ఆ పళ్ళ సంగతే మళ్ళీ చదవకూడదని ఒట్టు పెట్టుకున్నదాన్ని నేను.

ఐదో పేజీలో పన్ను ఫొటో. ముందు అంచు నున్నగా, వెనక అంచున కక్కులు. పక్కన కొలతగీత. నా సంచిలో వెర్నియర్ ఉంది. తన బల్ల మీద భూతద్దం ఉంది. ఇద్దరం ఆ కాగితం మీదికి వంగాం. తను కొలిస్తే నేను రాశాను, నేను లెక్కపెడితే తను రాసింది. ఎవరమూ చెప్పుకోకుండానే పాత పద్ధతిలోకి వెళ్ళిపోయాం. ఎత్తు పదిహేడు. కక్కులు మిల్లీమీటరుకి నాలుగు. నా నోటుపుస్తకం బొమ్మలో పై నుంచి నాలుగో కక్కు విరిగి ఉంటుంది. ఫొటోలో ఆ చోట నల్లటి మచ్చ ఉంది.

"ఇదే అది," అంది తను. "ఆయనే తీసుకెళ్ళి ఆ విదేశీయుడికిచ్చి, మనిద్దర్నీ కూర్చోబెట్టి ఒకరి మీద ఒకళ్ళ చేత చెప్పించారు."

నేను ఒప్పుకోలేదు. "అదే రకం అంటాను. అదే పన్ను అని చెప్పలేం. ఒకే దవడలో పక్కపక్క పళ్ళు ఇలాగే ఉంటాయి. తర్వాత ఇంకోటి దొరికి ఉండొచ్చు. ఆ మచ్చ విరగడమో, అచ్చులో పడ్డ సిరానో తెలీదు."

తను కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నా మీద అనుమానపడ్డప్పుడు నీకు ఇన్ని సాక్ష్యాలు అక్కర్లేకపోయింది," అంది. గొంతు పెంచలేదు.

నేను వెర్నియర్ మూసి సంచిలో పెట్టుకున్నాను. గైడు గారు పోయి చాలా ఏళ్ళయింది, వెళ్ళి అడగడానికి లేదు. ఆయన మంచివాడనీ అనలేను, దొంగ అనీ అనలేను. ఆయన బల్ల మీద ఎప్పుడూ ఉండే మూడో తాళం నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎందుకు గుర్తురాలేదన్నదే అప్పటినుంచి ఆలోచిస్తున్నాను.

మధ్యాహ్నం తన ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టింది. దోసకాయ పప్పు, వడియాలు. బస్టాండు దాకా వచ్చి, బందరు బస్సు వచ్చేవరకూ నిలబడింది. మళ్ళీ రమ్మని తను అనలేదు, వస్తానని నేనూ అనలేదు.

నెలరోజులకి బాబాయ్ ఫోన్ చేశాడు. "ఆ పన్ను పిల్ల మెళ్ళో వెయ్యడానికి మా కోడలు ఒప్పుకోవడం లేదమ్మా. పులిగోరంటే సరేనంది. రాక్షసబల్లి పన్నని నువ్వు చెప్పి వెళ్ళాక, అలాంటిది పసిపిల్ల మెళ్ళో కడతారా అని గోల. మీరిద్దరూ వచ్చి తీసుకెళ్ళండి. ఒక్కరొస్తే ఇవ్వను."

ఎందుకు ఇవ్వవని నేను అడగలేదు. గుడివాడ ఫోన్ చేశాను. వచ్చే ఆదివారం పామర్రులో కలుద్దామంది తను.

దారిలో తన ఇద్దరు పిల్లల సంగతులు చెప్పింది. నేను మా కాలేజీ గొడవలు చెప్పాను. పళ్ళ సంగతి ఇద్దరమూ ఎత్తలేదు. బాబాయ్ ఇంట్లో మాత్రం తప్పలేదు. ఒంటి పన్నుకి అది దొరికిన చోటు తెలియకపోతే విలువ సగానికి సగం పోతుంది. ఆ వాగు, ఆ ఒడ్డు, ఏ వైపు కుప్ప అని మేము అడుగుతుంటే ఆయన అరుగు మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. జీపు ఆపిన మద్దిచెట్టుతో సహా గుర్తుంది ఆయనకి. మా ఇద్దరికీ గుర్తులేని వంతెన ఒకటి చెప్పాడు. మొదట నమ్మలేదు. తర్వాత ఫోన్లో మ్యాపు తెరిచి చూస్తే ఉంది.

పన్నుని ఇద్దరం ఆయన ముందే కొలిచాం. ఇద్దరి ఫోన్లలోనూ ఫొటోలు తీసుకున్నాం. ఎవరి దగ్గర ఉంచాలన్న మాట వచ్చింది. "నీ దగ్గరే ఉండనీ," అన్నాను నేను. "మ్యూజియానికి పంపేదాకా." తను నావైపు ఒక్క క్షణం చూసి, తీసుకుని, రక్తపు నమూనాలు పెట్టే చిన్న గొట్టంలో దూది మధ్య పెట్టుకుంది.

ఆ జంతువు ఏ జాతిదన్న దగ్గర మాకు కుదరలేదు. ముందు అంచు కక్కులు వెనకవాటికంటే సన్నం కాబట్టి ఫలానా తెగ అని తను. ఆ తేడా చాలదు, అడుగు మందం చూస్తే వేరేలా ఉందని నేను. ఇద్దరి మాటలూ రాసి, పన్నుతోపాటు పోస్టులో పంపాం. అదే ఉత్తరంలో, మీ మ్యూజియంలో ఉంచామని వ్యాసంలో రాసిన ఆ ఫొటో పన్ను ఇంకా మీ దగ్గర ఉందా అని కూడా అడిగాం.

రెండు నెలలకి జవాబొచ్చింది. చిన్నరకం మాంసాహారి డైనోసారు, ఒక్క పన్నుతో ఇంతకంటే కిందికి వెళ్ళి జాతి చెప్పలేమని రాశారు. ఇద్దరం ఓడిపోయాం, లేదా ఇద్దరం కొంచెం కొంచెం గెలిచాం. రెండో ప్రశ్నకి, వ్యాసంలోని ఆ పన్నుని పరిశీలన కోసం మా గైడు గారే వెనక్కి తీసుకెళ్ళినట్టు రిజిస్టరులో ఉందనీ, తిరిగి వచ్చినట్టు లేదనీ రాశారు. తను ఫోన్లో చదివి వినిపించి, "ఇప్పుడేమంటావ్?" అంది. "ఇంకా తెలీదంటాను," అన్నాను. నవ్వింది. ఎగతాళిగానే నవ్విందేమో, చాలా కాలం తర్వాత విన్నాను కాబట్టి పట్టించుకోలేదు.

ఆ ఉత్తరంతో మా పన్ను చీటీ నకలు కూడా పంపారు. కనుగొన్నవారు అన్నచోట బాబాయ్ పేరు ఉంది. చెబుదామని ఫోన్ చేస్తే రెండుసార్లు చదివించుకున్నాడు. ఇంటిపేరు ఒక్కొక్క అక్షరం చెప్పించుకున్నాడు. మూడోసారి కోడలికి ఫోన్ ఇచ్చి, "నువ్వు విను, వాళ్ళు చదివేదొకటి, రాసిందొకటి అయ్యుంటుంది," అనడం నాకు వినిపించింది.